బతికిన చేప

రబ్బరు బూట్లు రెండూ వాకిట్లో వచ్చి పడ్డాయి, ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. విసిరింది పెద్దాడు. పడింది తమ్ముడి కాళ్ళ ముందు.

"తియ్యి. తీసి చూడు. మాస్టారి చెరువు బురద ఇంకా అంచుల్లో ఉంది."

"అది మన చెరువు బురదే అన్నయ్యా."

"బురద మీద చిరునామా రాసుంటుందా?"

"మాస్టారిదని నీకు మాత్రం ఎవరు రాసిచ్చారు?"

"నోరు లేస్తోందే!"

కోడలు, పెద్దాడి భార్య, వంటింటి గుమ్మంలో నిలబడింది. చేతిలో పళ్ళెం తడి ఎప్పుడో ఆరిపోయింది. ఆమె ఇంకా తుడుస్తూనే ఉంది.

సోమవారం నుంచి ఈ ఇంట్లో ఇదే పాట. ఆ పొద్దున్న నాలుగో తొట్టిలో రెండు తల్లిచేపలు పక్కకి ఒరిగి కనిపించాయి. కళ్ళు లోపలికి పీక్కుపోయి, ఒంటిమీద జిగురు తెట్టెలు కట్టి ఉన్నాయి. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాల్సినచోట బూడిదరంగు మచ్చలు. మంగళవారం తొమ్మిది పోయాయి. బుధవారం పన్నెండు. ఇవాళ గురువారం. ముప్పైనాలుగు తల్లుల్లో మిగిలినవి పదకొండు.

బంగారుతీగ చేపపిల్లలు కావాలంటే చెరువులవాళ్ళు ఇరవై ఆరేళ్ళుగా ఈ గేటు ముందే డబ్బాలు పట్టుకుని నిలబడుతున్నారు. ఆ పిల్లలన్నిటికీ తల్లులు నాలుగో తొట్టిలోవే. మామగారు బతికుండగా ఒక్కొక్కటిగా ఏరి కూర్చినవి.

మంగళవారం వచ్చిన చేపల డాక్టరమ్మ మొప్ప ముక్కలు సీసాలో వేసుకుని వెళ్ళింది. ఈ పొద్దున్నే ఫోన్ చేసింది. "పదింటికల్లా వస్తాను. కాళ్ళూ చేతులూ కడగకుండా షెడ్డులోంచి ఎవరూ బయటికి రాకండి," అంది. పరీక్షలో ఏం తేలిందో చెప్పలేదు. చెప్పకపోవడంతోనే చెప్పినట్టయింది.

"పదిరోజుల కిందట మాస్టారి చెరువులో చేపల పట్టుబడికి దిగావు." పెద్దాడు వేళ్ళు మడుస్తున్నాడు. "ఆ సాయంత్రమే అదే బూట్లతో మన షెడ్డుకొచ్చావు. సోమవారం మనకి చావులు మొదలయ్యాయి. ఈ లెక్క నేను చెప్పాలా, ఆ లెక్కల మాస్టార్నే పిలిచి చెప్పించాలా?"

"మాస్టారి చేపలు నిక్షేపంలా ఉన్నాయి. అక్కడ లేని జబ్బు నా బూట్లకెలా ఎక్కింది?"

పెద్దాడు గొంతు పెంచాడు.

"నాన్న పోయాక ఈ తొట్లకి కుక్కలా కాపలా కాశాన్రా! సొంత పిన్ని ఏడ్చి అడిగినా ఆ ఇంటి నీటిచుక్క ఈ గడప తొక్కనివ్వలేదు. ఏం లాభం? ఇంటి దొంగను దేవుడైనా పట్టలేడని ఊరికే అన్నారా!"

ఆ మాటకి చిన్నాడి మొహంలో రంగు పోయింది. అతను వంగి బూట్లు రెండూ తీసి, గోడవారగా జతచేసి పెట్టి, లోపలికి వెళ్ళాడు. కాసేపటికి అతని గదిలో బీరువా తలుపు కిర్రుమంది.

ఇంటి దొంగ. ఆ మాట తగలాల్సినచోటే తగిలింది, కాకపోతే అన్నవాడికి తెలీదు. కోడలు పళ్ళేన్ని గూట్లో పెట్టి, చెప్పులు విడిచి, షెడ్డువైపు నడిచింది.

*

షెడ్డు గుమ్మం దగ్గర మందునీళ్ళ పళ్ళెంలో కాళ్ళు ముంచి లోపలికి వెళ్ళేసరికి, అత్తయ్య నాలుగో తొట్టి గట్టుమీద కూర్చుని ఉంది. గాలిగొట్టాలు బుడబుడమంటున్నాయి. పది చేపలు నీటి పైపైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. గాలి చాలనివాళ్ళు కిటికీ దగ్గరికి చేరినట్టు అన్నీ గొట్టం చుట్టూ గుమికూడాయి.

పదకొండోది మాత్రం తొట్టి అడుగున తీరిగ్గా తిరుగుతోంది. కుడి మొప్ప వెనకాల అరచేతంత నల్లమచ్చ ఉన్న పెద్ద ఆడచేప. ముసలమ్మ వేళ్ళు నీళ్ళలో పెట్టగానే పైకి వచ్చి వాటిని మూతితో తడిమింది.

"చూడమ్మాయ్. దీనికేం కాలేదు. తిండికూడా తింటోంది."

"చూశానత్తయ్యా."

"మా చెల్లి చెయ్యి అంత చలవ. చచ్చి ఎక్కడుందోగానీ దాని చేప బతికింది."

కోడలు పక్కనే కూర్చుంది. నాలుగురోజులుగా అత్తయ్య సరిగ్గా తినలేదు. భుజం ఎముక రవిక గుడ్డలోంచి పొడుచుకొస్తోంది.

నాలుగేళ్ళ కిందట అత్తయ్య చెల్లెలి చెరువుల్లో జబ్బు పడింది. పదిరోజుల్లో మూడు చెరువులూ తుడిచిపెట్టుకుపోయాయి. ఆవిడ వచ్చి ఈ గేటు ముందు నిలబడి, "నాలుగు తల్లుల్నివ్వరా పెద్దాడా, మళ్ళీ మొదలుపెట్టుకుంటాను," అంది. పెద్దాడు గేటు తియ్యలేదు. "ఆ నీళ్ళల్లోకి మన చేప పోదు. ఆ నీళ్ళు మన దగ్గరికి రావు. నువ్వూ రాకు పిన్నీ, కొన్నాళ్ళు," అన్నాడు. అన్నది సబబే. అన్న తీరే ముసలామెకి గుండెలో ముల్లై మిగిలింది. నిరుడు చలికాలం ముందు చిన్నత్తయ్య పోయింది. అక్కాచెల్లెళ్ళు మళ్ళీ ఒక చోట కూర్చుని మాట్లాడుకున్నదే లేదు.

ఆ ఇల్లు సర్దడానికి అత్తాకోడళ్ళిద్దరే వెళ్ళారు. పెరట్లో సిమెంటు తొట్టి, నాచుపట్టిన నీళ్ళు, అందులో నాలుగు చేపలు. అంత జబ్బులోనూ చావకుండా మిగిలినవి. మూడింటిని ఇరుగుపొరుగువాళ్ళు అప్పటికే అడిగి ఉంచుకున్నారు. నాలుగోది ఈ మచ్చది.

"మీ మామయ్య ఉంటే దీన్ని చూసి ఎగిరి గంతేసేవారు," అంది అత్తయ్య ఆరోజు. "ఎండకి నిలిచినదాన్ని, కరువుకి నిలిచినదాన్ని ఏరి తల్లిని చేసుకోవాలనేవారు. ఇది చావుకే నిలిచింది. దీని విత్తనం ఎంత గట్టిదో ఆలోచించు."

కోడలు ఆలోచించింది. చదువుకున్న మనిషి కనక గుడ్డిగా తలూపలేదు. చేపను డ్రమ్ములో తెచ్చి బట్టలుతికే పెరట్లో మూతేసి పెట్టింది. ఈ ఇంటి మగవాళ్ళకి బట్టలుతికే చోటికి దారి తెలీదు. డ్రమ్ములో తోడుగా తమ చెరువు చేపపిల్లను ఒకదాన్ని వదిలింది, జబ్బుంటే దానికి అంటుతుందని. రోజూ రెండుపూటలా చూసింది. ఇరవై ఒక్క రోజులు. చలికి తన వేళ్ళు కొంకర్లుపోయాయిగానీ చేపపిల్ల చెక్కుచెదరలేదు. ఇరవై రెండోరోజు, ముసలిదైన ఒక తల్లిచేప తనంతట తాను పోయినప్పుడు, దాని స్థానంలో దీన్ని వదిలారు. లెక్క సరిపోయింది. పెద్దాడికి చేపలు లెక్కతోనే తెలుసు.

అన్నీ పద్ధతిగానే చేసింది. చెయ్యనిది ఒక్కటే. చెప్పడం.

"అత్తయ్యా, చిన్నాడు బట్టలు సర్దుకుంటున్నాడు."

"సర్దుకోనీ. సాయంత్రానికి ఆకలేస్తే విప్పుతాడు."

"ఈసారి అలా లేదు. ఆయన ఇంటి దొంగ అన్నారు."

ముసలామె వేళ్ళు నీళ్ళలో ఆగిపోయాయి.

"దీని సంగతి చెప్పేద్దాం," అంది కోడలు నెమ్మదిగా.

"ఏం సంగతి? ఇది బాగానే ఉందిగా! జబ్బు దీన్నుంచే వస్తే ముందు ఇది చావాలిగా! బతికున్నదాని మీద నింద వేస్తావేంటమ్మాయ్?"

ఆ మాటలో న్యాయం ఉన్నట్టే వినిపించింది. మూడురోజులుగా కోడలు తనకి తాను చెప్పుకుంటున్నదీ అదే.

బయట బండి ఆగిన చప్పుడైంది.

*

డాక్టరమ్మ పొట్టి మనిషి. ఆమె తొడుక్కున్న ప్లాస్టిక్ కోటు ఎవరో పొడుగాయనది, చేతులు రెండు మడతలు వేసుకుంది. మంగళవారం వచ్చినప్పుడు, "కోటు నాకు సరిపోదు, జీతం కోటుకి సరిపోదు," అని నవ్వించింది. ఇవాళ నవ్వించలేదు.

"అదేనండీ," అంది పెద్దాడితో. "అనుకున్నదే. సిప్రినివైరస్ అని ఒక ప్రజాతి. అదొక ఇంటిపేరు అనుకోండి. ఆ ఇంట్లో ఒకడు గాజుతొట్లలో పెంచే రంగు చేపల్ని పడతాడు. ఒకడు పాముల్లాంటి మలుగు చేపల్ని పడతాడు. ఒకడు తీగచేప ఒంటిమీద మైనం చుక్కల్లా పొక్కులు లేపి ఊరుకుంటాడు, వాడు కాస్త నయం. మీ ఇంటికొచ్చినవాడు అందరిలోకీ ముదురు."

"మందు?"

"లేదు."

"నీళ్ళు మార్చి, ఉప్పేసి..."

"లేదండీ."

పెద్దాడు తలపట్టుకోలేదు, అరవలేదు. తొట్టి గట్టుమీద చెయ్యి పెట్టి, దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆ గట్టు నాన్నతో కలిసి కట్టింది. సిమెంటులో ఇద్దరి చేతి ముద్రలూ ఉన్నాయి, పెద్దదీ చిన్నదీ.

"మనుషులకేం కాదు," అంది డాక్టరమ్మ, ఏదో ఒక మంచిమాట చెప్పాలన్నట్టు. "తీగచేప తప్ప వాడికి వేరే లోకం లేదు."

"నాకూ లేదమ్మా," అన్నాడు పెద్దాడు.

గాలిగొట్టాలు మాత్రం మాట్లాడుతూనే ఉన్నాయి.

తొట్లన్నీ ఖాళీ చెయ్యాలంది డాక్టరమ్మ. తల్లులూ, పిల్లలూ, నిన్న పగిలిన గుడ్లలోంచి వచ్చినవీ. ఆవగింజలకి కళ్ళు మొలిచినట్టుండే ఆ పిల్లల తొట్టివైపు కోడలు చూడలేకపోయింది.

"ఇదొక్కటీ వదిలెయ్యి తల్లీ," అంది అత్తయ్య. నల్లమచ్చ చేప ఆమె వేళ్ళ కిందే ఉంది. "ఇదిగో, దీనికేం లేదు. పది చస్తుంటే ఇదొక్కతే నిలిచింది. దీన్నుంచి మళ్ళీ మొదలుపెట్టుకుంటాం."

డాక్టరమ్మ వంగి ఆ చేపని చాలాసేపు చూసింది.

"అమ్మా, పెదవి మీద జ్వరప్పొక్కు వస్తుంది చూడండి. తగ్గిపోతుంది. కానీ తెచ్చిన పురుగు ఒంట్లోంచి పోదు, ఎక్కడో నక్కి కూచుంటుంది. ఇది దానికి దూరపు చుట్టం. ఈ జబ్బు చేసి బతికిన చేప జన్మంతా దాన్ని మోస్తూనే ఉంటుంది. చల్లనీళ్ళల్లో అది పడుకుంటుంది. నీళ్ళు వెచ్చబడ్డాయంటే లేస్తుంది. మోసేదానికి ఏం కాదు. పక్కనున్నవాటికి అంటుతుంది."

"అంటే?"

"అంటే తొట్టిలో అన్నీ చస్తూ ఒకటే హాయిగా తిరుగుతుంటే, నేను ముందు దాన్నే అనుమానిస్తాను."

అత్తయ్య వేళ్ళు నీళ్ళలోంచి బయటికి వచ్చాయి. చుక్కలు కారుతున్న చేతిని ఎక్కడ పెట్టాలో తెలీనట్టు గాల్లోనే ఉంచుకుంది.

కోడలి గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "చలికాలంలో విడిగా పెట్టి, తోడు చేపను వేసి మూడువారాలు చూస్తే తెలిసిపోతుంది కదండీ?"

"తెలీదండీ. నిద్రపోతున్నవాణ్ణి బయటినుంచి పిలిచి, పలకలేదు కనక ఇంట్లో ఎవరూ లేరనుకున్నట్టు." డాక్టరమ్మ తలెత్తింది. "ఎందుకడిగారు?"

"ఊరికే."

డాక్టరమ్మ అట్టకి తగిలించిన కాగితం తీసింది. ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో రాయాలంది. ఏడాదిలో బయటినుంచి ఏ చేప వచ్చింది, ఏ వల వచ్చింది, ఎవరెక్కడ నీళ్ళలో దిగారు. "ఇది రాయకపోతే మంట ఆర్పి నిప్పును వదిలేసినట్టు. ఇంకో ఇంట్లో లేస్తుంది."

"చేపలేవీ రాలేదు. నేనుండగా రావు," అన్నాడు పెద్దాడు. "దిగినవాడు మాత్రం ఉన్నాడు."

చిన్నాడు భుజాన సంచీతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

"మీరు మాస్టారి చెరువులో దిగి, బూట్లు కడక్కుండా ఇక్కడికొచ్చారా?" డాక్టరమ్మ అడిగింది.

అతను అన్నని చూడలేదు. తల్లిని చూశాడు. తొట్టి పక్కన తడిచెయ్యి గాల్లో పెట్టుకుని కూర్చున్న తల్లిని.

"వచ్చానండీ. కడగలేదు."

"చూశావా?" అన్నాడు పెద్దాడు. గెలిచిన గొంతు కాదది. నిజం కాకూడదని ఎక్కడో కోరుకున్నవాడి గొంతు.

చిన్నాడు చూపించినచోట సంతకం పెట్టాడు. డాక్టరమ్మ గడియారం చూసుకుంది. "అయితే ఇక్కడ పని కాగానే అటు వెళ్ళాలి. ఈ పూటే మాస్టారి చెరువు మూయించాలి. పరీక్షలు తేలేదాకా ఒక్క చేప కదలకూడదు. ఆయన మిగతా పట్టుబడి ఎల్లుండేనట కదా? ఆగిపోతుంది, పాపం."

*

మోటారు గది వెనకాల కోడలు మరిదిని పట్టుకుంది.

"అబద్ధం ఎందుకు చెప్పావు?"

"నిజం చెబితే మూడురోజులు నమ్మలేదుగా వదినా. అబద్ధం చూడు, ఒక్క మాటకే నమ్మేశారు."

"వేళాకోళం కాదు."

అతను సంచీ కింద పెట్టాడు. లోపల ఉన్నవి రెండు జతల బట్టలే అని బయటికే తెలుస్తోంది.

"మచ్చదాన్ని నేను చలికాలంలోనే చూశాను," అన్నాడు. "తొట్టిలో వదిలిన మర్నాడే. మన చేపలు నాకు మొహాలతో తెలుసు వదినా. ఆ మొహం పిన్ని దగ్గర చూసిందే. అది పిల్లగా ఉన్నప్పుడు నేనే తిండి వేసేవాణ్ణి."

కోడలు గోడకి ఆనుకుంది. "తెలిసీ అడగలేదా?"

"అమ్మ పొద్దున్నే దాని దగ్గర కూచుని కబుర్లు చెప్పేది. పిన్నితో చెప్పినట్టే. 'ఏమే, రాత్రి చలేసిందా?' అని. అదెలా అడగను?" ముక్కు తుడుచుకున్నాడు. "అన్నయ్య నన్ను తిట్టాడనుకో, ఇంకో చెరువు మీద బతుకుతాను. ఈతొచ్చినవాడికి ఏ చెరువైతేనేం. అమ్మను తిడితే అమ్మ ఎక్కడికి పోతుంది? నువ్వు మాట్లాడకు. నా మీద ఒట్టు."

"మరి మాస్టారు?"

అతను ఆ పేరు ఎత్తినందుకు కోపగించుకున్నట్టు చూశాడు.

"ఒంటరాయన," అంది కోడలు. "ఉన్నదొక్క చెరువు. నువ్వెళ్ళి పట్టుబడికి సాయం చేసింది ఎందుకు? ఆయనకి నడుం వంగదనేగా? ఆయన చేసిన పాపమేంటి, నీకు భోజనం పెట్టడమా?"

"పరీక్ష చేస్తారుగా. ఏం లేదని తేలిపోతుంది."

"తేలేసరికి ఎండ ముదురుతుంది. అంతకాలం చేపలు ఆ బెత్తెడు నీళ్ళలో ఆగుతాయా? ఇక చిన్నత్తయ్య ఇంటి చుట్టుపక్కల మూడు చేపలున్నాయి. వాటి మాట ఈ కాగితంలో లేదు. అవి ఎవరి చెరువుల్లో ఉన్నాయో, ఈ ఎండకి ఎప్పుడు లేస్తాయో!"

చిన్నాడు సంచీ వారు చుట్టచుట్టాడు, విప్పాడు.

"ఒట్టు వేశాను వదినా."

"నీ ఒట్టు నీ దగ్గరే ఉంచుకో," అంది ఆమె.

తిరిగి వస్తుంటే మేత బస్తాల చాటునుంచి అత్తయ్య చెయ్యి ఆమె మణికట్టును పట్టుకుంది. చల్లటి చెయ్యి.

"చెప్పకమ్మాయ్."

"అత్తయ్యా..."

"నన్ను అంటే పడతాను. వాడు దాన్ని అంటాడు. చచ్చినదాన్ని. 'పిన్ని చచ్చి కూడా మనల్ని ముంచింది' అంటాడు. నేను వినలేను. బతికుండగా గేటు బయట నిలబెట్టాం. ఇప్పుడు నిందకోసం లోపలికి పిలుస్తామా?"

కోడలు ఆ చేతిమీద తన చెయ్యి వేసింది. పదకొండేళ్ళ కిందట ఈ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో, రాత్రి తొట్టి తూము తెరుచుకుని చేపపిల్లలు కొట్టుకుపోయినప్పుడు, తప్పు కోడలిదైతే, "గడియ వెయ్యడం నేనే మరిచాను," అని అందరి ముందూ చెప్పింది ఈ చెయ్యి తాలూకు మనిషే.

*

లవంగనూనె వాసన షెడ్డంతా కమ్ముకుంది. పంటినొప్పికి పెట్టుకునే వాసన. డాక్టరమ్మ దాన్ని నీళ్ళలో గిలక్కొట్టి నాలుగో తొట్టిలో పోసింది. "మత్తుగా పడుకుంటాయి. నొప్పి తెలీదు," అంది. ఎవరికి చెప్పిందో తెలీదు.

జబ్బుచేపలు ముందు తిరగబడ్డాయి. ఒకటి, తర్వాత మూడు, తర్వాత ఎన్నో లెక్క లేదు. పసుపుపచ్చటి పొట్టలు పైకి తేలాయి. పెద్దాడు వలబుట్టతో ఒక్కొక్కదాన్నీ తీసి, విసరకుండా, పీపాలో పేర్చుతున్నాడు. పేర్చేముందు ప్రతిదాని వెన్నూ ఒకసారి బొటనవేలితో నిమురుతున్నాడు. అలా నిమురుతున్నట్టు అతనికే తెలీదు. పెళ్ళాం చూసింది.

మచ్చది ఎంతసేపటికీ ఒరగలేదు. బలమైన చేప. తొట్టిని చుట్టింది, మళ్ళీ చుట్టింది. మూడో చుట్టుకి అత్తయ్య కూర్చున్న గట్టు దగ్గర వేగం తగ్గింది. మూతి పైకెత్తి ఆమె వేళ్ళ కోసం వెతికింది. ముసలామె చేతులు ఒళ్ళోనే ఉంచుకుంది.

"ఇదెంత మొండిదో చూడు," అన్నాడు పెద్దాడు, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ. "నాన్న ఏరిన చేప. ఆయనలాగే."

అత్తయ్య నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుంది.

ఆ మాట విన్నప్పుడే కోడలికి తెలిసిపోయింది, ఇక తను ఊరుకోలేనని. భర్త ఆ చేపకోసం ఏడుస్తున్నాడు. ఏ చేపకోసం ఏడుస్తున్నాడో కూడా అతనికి తెలీనివ్వలేదు.

మధ్యాహ్నానికి తొట్లన్నీ నిశ్శబ్దమయ్యాయి. గాలిగొట్టాలు ఆపేశారు. ఇరవై ఆరేళ్ళలో ఆ షెడ్డులో బుడబుడలు ఆగిన పూట అదే మొదటిది. ఆ నిశ్శబ్దానికి అందరూ బయటికి నడిచారు, ఎవరూ పొమ్మనకుండానే.

డాక్టరమ్మ కోటు విప్పి సంచిలో కుక్కి, కాగితాలు చంకలో పెట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. "మాస్టారిల్లు ఎటండీ?" అంది.

"నేను చూపిస్తాను," అన్నాడు చిన్నాడు సంచీ భుజానికెత్తుకుంటూ. "నేనూ అటే."

"అటే అంటే?" అన్నాడు పెద్దాడు.

"అటే."

"పోతే పో. వదినకి చెప్పే పో."

"చెప్పాను."

అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా గేటు గడియనే చూస్తున్నారు. ఎవరైనా ఒకరు 'ఆగు' అంటే ఆగిపోయేట్టున్నారు. ఇద్దరికీ ఆ మాట రాలేదు.

"డాక్టరుగారూ," అంది కోడలు. "ఆ కాగితం చించెయ్యండి."

అందరూ తిరిగి చూశారు.

"మాస్టారి చెరువులో ఏమీ లేదు. ఇతని బూట్లలోనూ ఏమీ లేదు. మచ్చచేప ఈ ఇంటిది కాదు. నాలుగేళ్ళ కిందట ఇదే జబ్బు పడిన చెరువుల్లోంచి మిగిలింది. చలికాలంలో నేను తెచ్చాను. ఇరవై ఒక్క రోజులు డ్రమ్ములో పెట్టి, బాగుందనుకుని తొట్టిలో వదిలాను. అలాంటివే ఇంకో మూడు ఉన్నాయి. ఎవరెవరు తీసుకెళ్ళారో నాకు తెలుసు, రాసిస్తాను."

ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

డాక్టరమ్మ కాగితం చించలేదు. కానీ మడిచి వెనక్కి పెట్టి, కొత్తది తీసింది.

పెద్దాడు భార్య ముందుకు వచ్చి నిలబడ్డాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు.

"ఎవరి చెరువుల్లోది?"

"మీ పిన్నిగారి చెరువుల్లోది."

అతని చేతులింకా తడిగానే ఉన్నాయి. వాటికి పొలుసులు అంటుకుని ఎండకి తళతళమంటున్నాయి.

"నేను వద్దన్నానని తెలుసు నీకు."

"తెలుసండీ."

"తెలిసే తెచ్చావు."

"తెలిసే తెచ్చాను."

"ఎందుకు?"

దీనికి ఆమె జవాబు చెప్పలేదు. చెప్పాల్సిన జవాబు తనది కాదు. భర్త ఆమె మొహం వెతికాడు, వెతికి వెతికి అక్కడేమీ దొరక్క, నెమ్మదిగా తల తిప్పాడు.

"అమ్మా," అన్నాడు. "నీకు తెలుసా ఈ సంగతి?"

ముసలామె షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. తువ్వాలును రెండు చేతులా పిండుతోంది, అది పొడిగానే ఉన్నా. కొడుకు మొహంలోకి చూసింది. అక్కడ ఏం కనిపించిందో, ఒక అడుగు వెనక్కి వేసింది.

"నాకు తెలీదురా," అంది. "తెలిస్తే తేనిస్తానా?"

కోడలికి చెవుల్లో ఆ రెండు మాటలూ ఒకదాని వెనక ఒకటి దిగాయి. ఆమె అత్తయ్యను చూడలేదు. చూస్తే మొహంలో ఏదో ఒకటి కనబడిపోతుందని, నేలవైపు చూసింది.

భుజాన్నుంచి సంచీ జారి కిందపడిన చప్పుడు వినిపించింది. చిన్నాడు తల్లిని చూస్తున్నాడు. ఇంతవరకు ఏ మనిషికోసం ఇల్లు వదిలిపోతున్నాడో, ఆ మనిషిని కొత్తగా చూస్తున్నట్టు చూస్తున్నాడు.

"అమ్మా," అన్నాడు.

వద్దన్నట్టు కోడలు తల అడ్డంగా ఊపింది. మళ్ళీ ఊపింది.

అతను వదినవైపు చూడటం లేదు.